గొడుగు ఊపింది నేనే

తెనాలి

గౌస్ బీ వదినకు,

నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? అన్నయ్యగారి దగ్గు తగ్గిందా? నీ మనవరాలు హుమేరా మోచేతికి కట్టు విప్పారా?

మా గీతిక దెబ్బ మానింది కానీ మూతి ముడుచుకోవడం మానలేదు. బాపట్ల సైకిలు పందెంలో ఇద్దరిదీ ఒకే జట్టు, అందరికన్నా ముందు వాళ్ళే. గెలుపు రిబ్బను ఇంకా నాలుగు బారల దూరం ఉందనగా ఒకరినొకరు గుద్దుకుని పడ్డారు. హుమేరానే అడ్డమొచ్చిందని ఇది, గీతికే గుద్దిందని అది. పది రోజులుగా మాటల్లేవు.

తప్పు ఇద్దరిదీ కాదు వదినా. జనంలోంచి ఎవరో కేకేశారంటున్నారే, అది నేనే. ఆ జోరు చూసి ఉండబట్టలేక, గొడుగు ఊపుతూ "మెల్లగా తల్లీ, పడతారు!" అని అరిచాను. ఇద్దరూ ఇటు తిరిగారు, పడ్డారు.

నిన్న గీతికకు చెప్పేశాను. తిడుతుందనుకుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. "నాయనమ్మా, ఈసారి నీ నోటికి ప్లాస్టరు వేసి తీసుకెళ్తాం" అంది.

ఫోనులో గీతిక పేరెత్తితే హుమేరా లేచి వెళ్ళిపోతుందని రాస్తున్నాను. ఈ ఉత్తరం దాని చేతే చదివించుకో.

గీతిక మీ రేపల్లెకు సైకిలు మీదే వస్తుందట. హుమేరాను భట్టిప్రోలు దాకా ఎదురు రమ్మను, అక్కణ్ణుంచి ఇద్దరూ కలిసి తొక్కుకుంటూ వస్తారు. నేను రైల్లో వస్తాను, కిటికీ పక్కన కూర్చోను. వచ్చే ఆదివారం, పద్నాలుగో తారీఖు.