తన్నని తుపాకీ

రాస్ అల్ ఖైమా

అత్తకు నీ కోడలు వీరదుర్గ దండం.

నీకు ఫోనులో వినపడదు కాబట్టి కాగితం మీద రాసి ఫోటో పంపుతున్నాను. పక్కింటి పద్మజ చేత పెద్దది చేయించుకుని చదువుకో.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున కొండల మీంచి మంచు దిగి ఖర్జూరం చెట్ల మొదళ్లు మింగేసింది. తలలు మాత్రం గాలిలో తేలుతున్నాయి. వాకిలి కడిగాను, మేకలకు గడ్డి వేశాను, మేడంకు కాఫీ కాచాను. పని అయిపోయిందనుకుంటే తుపాకీల కొట్టుకు పోదాం పద అంది.

మేడంకు డెబ్బై దాటాయి. చిన్నప్పుడు తండ్రితో కొండల్లో కౌజు పిట్టలు కొట్టేదట. ఇప్పుడు పెంచిన పిట్టల్ని వదిలే వేట తోట ఒకటుంది. లైసెన్సూ ఉంది. కుడి భుజానికి ఆపరేషన్ అయింది కాబట్టి, పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తన్నని తుపాకీ కావాలి. ఒకటి పేలగానే తర్వాతి తూటా దానంతట అదే ఎక్కాలి. కొట్టువాడు ఒకటి చూపించాడు. గ్యాసుతో నడుస్తుందట, అందుకే భుజాన్ని మెల్లగా తోస్తుందట. మేడం దాన్ని భుజానికి ఆనించి కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. నిద్రపోయిందేమో అనుకున్నాను. తర్వాత "బరువు" అని పక్కన పెట్టేసింది.

తుపాకీ కుదరగానే నాకు సెలవు. "నేను వేటకు, నువ్వు ఇంటికి" అంది. పాపకు చెప్పు.

ఇట్లు,
వీరదుర్గ

తా.క.: పాపకు నా ఫోటో చూపించేటప్పుడు ముక్కుపుడక ఉన్నదే చూపించు. లేనిది చూస్తే గుర్తుపట్టదు.

*

రాజోలు

అమ్మాయ్ దుర్గా, నీ అత్త వీరమ్మ దీవించి రాసేది.

ఇక్కడ మబ్బు పట్టింది. కోసిన వరి తడవకుండా పొద్దుటి నుంచి కుప్పలు వేశాం.

గ్యాసుతో నడిచే తుపాకీ అన్నావు. ఆ గ్యాసు బండ మోసేది ఎవరు? నువ్వేనా? పిట్టల వెనకాల బండ మోసుకుంటూ కొండలెక్కడానికా నిన్ను దుబాయ్ పంపింది? నీ మొగుడు అంజిబాబు ఇది విని మధ్యాహ్నం అన్నం తినలేదు. రాత్రి తిన్నాడు.

తన్నని గేదెను ఎలా కొంటాం? అమ్మేవాడి మాట మీద కొనం. మూడు పూటలు మన చేత్తో పితికి చూస్తాం. మీ మేడంకు ఆ మాట చెప్పు. తొందరగా తేలుతుంది.

పాప పద్మజను అమ్మా అంటోంది. పద్మజ పలుకుతోంది. నేను వద్దనలేదు. పిలిచినప్పుడు ఎవరో ఒకరు పలకాలి కదా.

మీ అత్త
వీరమ్మ

తా.క.: పాత చీరలు మడిచి దిండు కుట్టాను. ఆదివారం అక్కడికి వచ్చే మన ఊరి సూరిబాబుతో పంపుతున్నాను. బండ ఎత్తేటప్పుడు భుజాన వేసుకో. ఖాళీ బండ మార్చేది ఎవరో ముందే మాట్లాడుకో.

*

రాస్ అల్ ఖైమా

అత్తకు వీరదుర్గ రాసేది.

బండ లేదు. తూటా పేలినప్పుడు దానిలోంచే పుట్టే గ్యాసు అది. ఆయన్ను అన్నం తినమను.

నీ మూడు పూటల మాట మా డ్రైవరు అయూబ్ చేత మేడంకు చెప్పించాను. అయూబ్‌ది నెల్లూరు, అరబ్బీ బాగా వచ్చు. ఆ మాట మేడంకు తెగ నచ్చింది. అప్పటి నుంచి ప్రతి తుపాకీనీ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కాల్చి చూస్తోంది. నీ దిండు ఆమె భుజానికి కట్టడం, వెనక నిలబడి పడకుండా పట్టుకోవడం నా పని. తేలికది తన్నింది. తన్ననిది మోయలేకపోయింది. తన్నకుండా తేలిగ్గా ఉన్నది ఒకటి దొరికింది. రంగు బాగాలేదంది.

సాయంత్రాలు ఇసుకలో చాప వేయించుకుని కొండల కేసి చూస్తూ కూర్చుంటుంది. వాళ్ల నాన్న గురించి చెబుతుంది. సగం అర్థమవుతుంది. కొండలు నీలంగా మారి, కాసేపటికి ఉన్నాయో లేవో తెలియకుండా పోతాయి. ఆమె చెబుతూనే ఉంటుంది.

సెలవు సంగతి అడిగితే, తుపాకీ కుదరలేదుగా అంటుంది.

ఇట్లు,
వీరదుర్గ

తా.క.: మమ్మల్ని చూడగానే కొట్టువాడు లైట్లు ఆర్పేస్తున్నాడు.

*

రాజోలు

దుర్గా,

వాన రాలేదు. కుప్పలు బాగున్నాయి.

కొనేవాడు మూడు పూటలు పితుకుతాడు. కొననివాడు నెలంతా పితుకుతాడు. మీ మేడంకు తుపాకీ అక్కర్లేదు. అది కుదిరితే నువ్వు వెళ్లిపోతావు, అదీ సంగతి. ఈ మాట నా మాటగా చెప్పించు: "అమ్మా, గేదెను కొంటే కొను, లేకపోతే తాడు విప్పు. ఇక్కడ దూడ అరుస్తోంది."

మీ అత్త
వీరమ్మ

తా.క.: గేదె అన్నానని ఏమీ అనుకోకు. మంచి గేదెనే అన్నాను.

*

రాస్ అల్ ఖైమా

అత్తకు దండం.

అయూబ్ ముందు భయపడ్డాడు. "అక్కా, గేదెను అరబ్బీలో ఏమంటారో నాకు తెలీదు, ఒంటె అని చెప్తా" అన్నాడు. చెప్పాడు. మేడం కాఫీ గిన్నె కింద పెట్టింది. తర్వాత లేచి అలమర తాళం తీసింది. మొదటి రోజు బరువన్న తుపాకీ అందులో నిలబడి ఉంది.

"ఆ దినం సాయంత్రమే కొనేసింది అక్కా" అన్నాడు అయూబ్. "నోరు తెరిస్తే నా పని ఖలాస్ అనింది."

మేడం నన్ను దూడ పేరు అడిగింది. చెప్పాను. రెండుసార్లు పలికి చూసింది.

మర్నాడు వేట తోటకు పోయాం. మంచులో మనిషికి మనిషి కనపడలేదు. కాళ్ల దగ్గర గడ్డిలోంచి పిట్టలు బుర్రున లేచాయి. మేడం దిండు సర్దుకుని, తుపాకీ ఎత్తి, అవి మంచులో కలిసిపోయేదాకా గురి చూస్తూనే ఉంది. మీట నొక్కలేదు. "తన్నలేదు, బాగుంది" అంది. తిరిగొచ్చేటప్పుడు కారులో అయూబ్‌తో నా టిక్కెట్టు సంగతి మాట్లాడింది.

పద్మజకు చెప్పు, పాప పిలిస్తే ఇంకొన్నాళ్లు పలకమని.

ఇట్లు,
వీరదుర్గ

తా.క.: ఈ నాలుగు ముక్కలూ విమానాశ్రయంలో కూర్చుని రాస్తున్నాను. ఇవాళ పొద్దున నేను లేచేసరికి మేడం ఇంట్లో లేదు. చీకటితోనే వేట తోటకు పోయిందట. అలమర తీసే ఉంది, తుపాకీ అందులోనే ఉంది. దిండు లేదు. ఇవాళ శుక్రవారం, నేను బయల్దేరాను.