నేను పట్టుకోని అట్ట

పక్క గదిలో ఉన్న నీలమ్మకు,

పది అడుగుల దూరానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నోటితో చెప్పే ధైర్యం లేకే రాస్తున్నాను. ఈ కాగితాలను నీ కళ్లముందు పట్టుకుని తిప్పమని పక్కింటి షారోన్‌కు చెప్పాను. తాను చదవనని ఒట్టు కూడా వేయించుకున్నాను. నర్సింగ్ చదివే పిల్ల, తప్పక చదువుతుంది.

నేను ఏడో తరగతి దాటలేదని నీకు తెలుసు. నా చదువంతా అఫ్జల్‌గంజ్‌లో, బైండింగ్ బల్ల మీద, కుట్టడానికి వచ్చిన అచ్చు ఫారాల్లోనే. ఫారానికి పదహారు పేజీలు. కుట్టేలోపు చదివిందే చదువు. జిగురు ఆరగానే గిరాకీ పుస్తకం పట్టుకుపోయేవాడు. అందుకే నాకు ఎందరో రాజుల పుట్టుక తెలుసుగాని చావు తెలియదు. తేనెటీగలను పెంచడం తెలుసు, తేనె తీసేదాకా రాలేదు. "గుండన్నా, నీకు లోకమంత తెల్సు, సగం సగం" అనేవాడు దుకాణంలో ఆగయ్య. అది నాకు మెచ్చుకోలుగానే వినపడేది.

అసలు సంగతికి వస్తాను. మన సోనీ బడికి పోయే రోజుల్లో, నీకు ముప్పై ఎనిమిదేళ్లప్పుడు, రక్తం ఆగక గర్భసంచి తీయాలన్నారు. మన గల్లీలో సగం మంది ఆడవాళ్లకు తీసేశారు గనుక అదేదో పిప్పిపన్ను అనుకున్నాను. "అండాశయాలు కూడా తీసేద్దామా?" అని డాక్టరమ్మ అడిగితే, నీతో ఒక్క మాట అనకుండా సంతకం పెట్టాను. పేరు కింద గీత కూడా గీశాను.

ఒంట్లో ఆడ హార్మోన్లు ఒక్కసారిగా ఆగిపోతాయని, వాటికి బదులుగా ఆమె గోళీలు రాసింది. ఆ నెలలోనే ఎవరో డాక్టరు చదువుకునే అబ్బాయి థీసిస్ నా బల్ల మీదికొచ్చింది. ఆ గోళీలతో క్యాన్సర్ రావచ్చని ఒక ఫారంలో ఉంది. ఇంటికొచ్చి "ఇగ ఇవి బంద్" అన్నాను.

"డాక్టరమ్మ ఏసుకోమన్నది గద?" అన్నావు.

"మీ డాక్టరమ్మ ఎన్ని పుస్తకాలు కుట్టింది?" అన్నాను.

నయాపూల్ మీంచి డబ్బా మూసీలోకి విసిరేశాను. మూసీకి ఏ వేడి ఆవిర్లూ రాలేదు. నీకు వచ్చాయి.

రెండేళ్ల కింద నీ చేతిలోంచి చాయ్ కప్పు జారింది. తర్వాత కాళ్లు, ఆ తర్వాత మాట. కండరాలను నడిపే నరాలు చచ్చిపోయే మోటార్ న్యూరాన్ జబ్బు అన్నారు. పోయిన నెల అదే జబ్బు మీద ఇంకో థీసిస్ వచ్చింది. మగవాళ్లకు ఎక్కువట. ముట్లు ఆగే వయసు దాటాక ఆడవాళ్లకూ ఇంచుమించు అంతేనట. ఆడ హార్మోన్లు నరాలను కాపాడతాయేమోనని కొందరి అనుమానమట. సూది వదిలేసి ఇంటికొచ్చాను.

నీలా, నిన్ను కాపాడేదాన్ని కోయించింది నేను, మూసీలో కలిపింది నేను.

నీకు అక్షరాల అట్ట చేసింది కూడా నేనే. మంచి గుడ్డ, మూలలకు తోలు. నువ్వు ఒక్కో అక్షరం కంటితో చూపిస్తే ఎదుటివాళ్లు రాసుకోవాలి. ఆ థీసిస్ చూసిన రోజు నుంచి నేను దాన్ని ముట్టుకోలేదు. పట్టుకుంటే నీ ఎదురుగా కూర్చోవాలి, నీ కళ్లలోకి చూడాలి. వేళ్లు నొప్పులని షారోన్‌కు అబద్ధం చెప్పాను. నా మొహం చూడనంటే చెప్పు, ఆగయ్య ఇంట్లో పడుకుంటాను.

సిగ్గుతో,
గుండయ్య

*

సోనీ బాపుకు,

నా కండ్లు చెప్తే షారోన్ రాసింది. మూడు దినాలు పట్టింది. గందుకే నీలెక్క తేనెటీగల దాంక పోను.

నువ్వు మూసీల ఏసినవ్. నేను మల్ల తెచ్చుకున్న, దబీర్‌పురా స్టేషన్ కాడి మందుల దుకాణంల. డాక్టరమ్మ ఇగ చాలనేదాంక, ఐదేండ్లు ఏసుకున్న. పసుపు డబ్బల దాసిపెట్టిన. వంటింట్ల నువ్వు ఏ డబ్బ మూత తీసినవ్ గనుక? వేడి ఆవిర్లు రెండు నెలలకే ఎట్ల తగ్గినయని ఒక్కనాడన్న అడిగినవా?

అయినా జబ్బు వచ్చింది. నువ్వు సగంల ఇడిసిన ఫారాలు ఇంక బల్ల మీదనే ఉన్నయట. షారోన్‌ను పంపి ఆఖరి దాంక చదివించుకున్న. గోళీలు ఏసుకున్నోళ్లకు ఈ జబ్బు తక్కువ వస్తదా అంటే ఒక్కో కాడ ఒక్కో లెక్కున్నదట, ఇదీ అని చెప్పరాదట. నువ్వు గంతదాంక పోలే. ఆ థీసిస్ పిల్లగాడు దుకాణంల లొల్లి పెడుతున్నడట, పోయి కుట్టు.

సంతకం సంగతి వేరే. కోతపడ్డ పెయ్యి నాది. నన్ను అడగాలె. అది మాఫ్ చెయ్యలే, చేస్తనో లేదో ఎరుక లేదు.

ఆగయ్య ఇంటికెందుకు? ఆయన గురకకు రెండు దినాలల్ల ఉరికొస్తవ్. షారోన్ మంచి పిల్లనే, గని రెండక్షరాలు చూపంగనే మాట మొత్తం తనే రాసేస్తది. నాకు పూర్తిగ చెప్పాల్నని ఉన్నది. రేపు పొద్దుగాల చాయ్ తాగి, ఆ ఏళ్ల నొప్పి పక్కకు పెట్టి, అట్ట పట్టుకోని నా ముందట కూసో. మొదలు తిట్లే ఉన్నయ్. ఎన్ని ఫారాలైనా సరే, సగంల లేవొద్దు.

నీలమ్మ