గేటు ముట్టుకుంటే హాజరే

అక్టోబర్ 20
ఏడో తరగతి మినోరికి ఇవాళ్టికి ఇరవై తొమ్మిది ఆబ్సెంట్లు. ఇంకొక్కటి పడితే పేరు బడికి రానివాళ్ల లిస్టులోకి ఎక్కుతుంది. ఆ లిస్టంటే నాకు ఒళ్లుమంట. పోయినేడు అందులోకి ఎక్కిన నలుగురిలో తిరిగి బడి మొహం చూసింది ఒక్కరే. దెబ్బలకు మందు రాయడం, హాజరు పట్టీలు చూడడం, మా బడిలో రెండూ నా పనే.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తలుపు సందులోంచి మాట్లాడింది. సెప్టెంబర్‌లో వారం రోజులు జ్వరమట. తగ్గాక ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియలేదట. అంతే!

గేటు దాకా రా, ముట్టుకుని వెళ్లిపో, హాజరు వేస్తాం అన్నాను. ఒట్టేనా టీచర్ అంది. ప్రిన్సిపాల్ గారు సరేనన్నారులే అన్నాను. ఇంకా అడగనే లేదు.

అక్టోబర్ 21, ఉదయం 7:40
ప్రిన్సిపాల్ సరేనన్నారు. వైస్ ప్రిన్సిపాల్ నెజు గారు ఒంటికాలి మీద లేచారు. గేటు ముట్టుకుంటే హాజరైతే పోస్ట్‌మాన్ కూడా మన స్టూడెంటేనా అన్నారు. నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

సాయంత్రం 4:50
వచ్చింది! అందరూ వెళ్లాక, టోపీ కళ్లదాకా లాక్కుని. ఒక్క వేలితో గేటు ముట్టుకుని ఒకటే పరుగు.

అక్టోబర్ 30
ఎనిమిదోసారి. మూడున్నరకే వచ్చింది. ఇంత తొందరగానా అంటే టీవీలో ఏమీ లేదట.

నవంబర్ 5
కొంప మునిగిందనుకున్నాను. మినోరి మధ్యాహ్నమే వస్తానంది. ఇవాళే గేటుకు రంగు వేశారు. తాకరాదని బోర్డు. నేనేమో ముక్కు నుంచి రక్తం కారుతున్న పిల్లాడొకడితో కదల్లేని స్థితి. పరుగెత్తి వెళ్లేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

బడంతా వెతికాను. వంటింట్లో ఉంది! ఏం ముట్టుకోవాలో తోచక బడి వెనకవైపుగా తిరిగొచ్చి వంటింటి తలుపు ముట్టుకుందట. వంటావిడ ఓగుషి చూసి, ఏంటే పిల్లా, తలుపుకు అతుక్కుపోయావు, వచ్చి ఈ గిన్నెలందుకో అందట. ఎవరు, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు, ఒక్క ముక్క అడగలేదు. నేను వెళ్లేసరికి మినోరి ఏప్రన్ కట్టుకుని రెండో గిన్నె కర్రీ ఉడోన్ నూడుల్స్ లాగిస్తోంది. అక్కడే నిలబడి ఏడ్చేశాను, సంతోషం పట్టలేక.

నెజు గారు వచ్చి, గేటు ముట్టుకోలేదు కాబట్టి ముప్పయ్యో ఆబ్సెంట్ పడాల్సిందే అన్నారు. ఓగుషి గరిటెతో సహా ముందుకొచ్చింది. ఈ పిల్ల రాకపోతే రెండు గిన్నెలు ఎవరు తిన్నట్టండీ, మీరా అని అడిగింది. నెజు గారు హాజరు వేశారు. తర్వాత ఆయనా ఒక గిన్నె తిన్నారు.

నవంబర్ 10
క్లాసు పిల్లలు భోజనం పట్టుకెళ్లడానికి వస్తే మినోరే అందించిందట. అందులో ఒకమ్మాయి, నువ్వు రాక మిగిలిన నీ పుడ్డింగ్ కోసం రోజూ కొట్టుకు చస్తున్నాం, వచ్చి తినెయ్యవే తల్లీ అందట. క్లాసులోనే కూర్చుని పుడ్డింగ్ తింది. తర్వాత లెక్కల పీరియడ్ కూడా కూర్చుంది, పాపం.

నవంబర్ 18
మినోరి పది నిమిషాలు లేటు. లేటుగా వచ్చినవాళ్లందరితో పాటు వరసలో నిలబెట్టి బాగా తిట్టాను. ఎంత హాయిగా ఉందో!