మూడో లెవెల్లో నిశ్శబ్దం

జూలై 6, సోమవారం
ఈ రోజు నుంచి నేను నిష్పక్షపాతిని! తాంబూలాలకు ముందు సుప్రియ పెట్టిన షరతు ఇదొక్కటే. తను సొంతంగా తయారుచేసిన వీడియో గేమ్ ‘పీత దరువు’ పది లెవెళ్లూ ఆడి, మంచీ చెడూ ఉన్నదున్నట్టు రాసి పంపాలి. “అందరూ సూపరంటా ఉండారు. పొగిడే మొగుడు నాకొద్దండీ” అంది ఫోన్లో.

నిర్ణయం: మధ్యలో లేవను. పొగడను. తిట్టను.

దరువుకు తగ్గట్టు పీతను రాయి మీంచి రాయి మీదికి దూకించాలి.
మంచి: డప్పు అదిరింది.
చెడు: పీతకు ఆరు కాళ్లే గీసింది. సముద్రం పక్కన పుట్టినవాణ్ణి, ఊరుకుంటానా!
రెండు లెవెళ్లు అవలీలగా దాటేశాను.

7, మంగళవారం
మూడో లెవెల్. ఇయర్‌ఫోన్లలో హోరెత్తుతున్న డప్పు ఠక్కున ఆగింది. రొయ్యల గుంట ఉన్నవాడికి చప్పుడు ఆగిందంటే ఒకటే అర్థం: ఏరేటర్లు ఆగాయి, నీళ్లలో గాలి అందక రొయ్యలు పోతాయి. గట్టు మీదికి పరుగు! ఏరేటర్లు చక్కగా తిరుగుతున్నాయి. ఈలోగా పీత చచ్చింది.
మంచి: ఆ నిశ్శబ్దం. పాట ఆపేసి, తాళం మన లోపలే వేసుకోమంటోంది. ఎంత గొప్ప ఆలోచన!
చెడు: అదే.

8, బుధవారం
మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ పరుగు. నన్ను చూసి నాయన పరుగు. నాయనను చూసి గుంట కాపలా మునెయ్య జనరేటర్ వేశాడు. మా పొగ చూసి పక్క గుంటల వాళ్లూ వేశారు. అల్లూరు దాకా పొగే.
“ఏందిరా అబ్బయా, కరెంటు ఉండంగానే!” అన్నాడు నాయన.
“సమీక్ష రాస్తా ఉండా నాయనా” అన్నాను.

9, గురువారం
ఆడలేదు. మబ్బు పట్టింది. బొటనవేలు నొప్పి. మబ్బుకూ వేలికీ సంబంధం ఉంది.
రాసినవన్నీ కొట్టేసి ‘సూపర్’ అని పంపేద్దామనిపించింది. సిగ్గేసింది. కాసేపే.

10, శుక్రవారం
అమ్మ నన్ను తువ్వాలుతో కుర్చీకి కట్టేసింది. “లేచినావంటే చూడు! ఇంటికి కోడలు రావాల” అంది. డప్పు ఆగిందని అరిచాను. అమ్మా, నాయనా, మునెయ్యా చుట్టూ చేరి, ఎవరికి తోచిన తాళం వాళ్లు వేశారు. నేను కదల్లేదు. పీత దాటింది!

ఇయర్‌ఫోన్లు తీశాను. ఇంకా నిశ్శబ్దమే.

ఈ తాళాల గోలలో కరెంటు ఎప్పుడు పోయిందో! రొయ్యలన్నీ పైకి తేలుతున్నాయి. కుర్చీతో సహా పరిగెత్తాను. మునెయ్య జనరేటర్ వేశాక బతికాయి. నాయన నాతో మాట్లాడడం లేదు. ఇక ఆ గేమ్ ముట్టను. ఒట్టు.

11, శనివారం
మూడు లెవెళ్లే ఆడానని, ఆ నిశ్శబ్దం గొప్పదని, అదే మా కొంప ముంచబోయిందని రాసి పంపేశాను. సంబంధం పోయినట్టే అనుకున్నాను. అన్నం సయించలేదు.

సాయంత్రం సుప్రియ ఫోన్. “ఆడ నేను నిశ్శబ్దం పెట్టలేదండీ. పాట ఎక్కించడం మరిచిపోయినా. పది లెవెళ్లూ సూపరన్నోళ్లు ఒక్కరన్నా చెప్పలేదే!”

మంగళవారం పేజీ తీసి ‘ఎంత గొప్ప ఆలోచన!’ మళ్లీ చదువుకున్నాను.

“మీరొక్కరే నిజంగా ఆడినారు. గురువారం తాంబూలాలకు రమ్మని మీ నాయనకు చెప్పండి” అంది.

12, ఆదివారం
సుప్రియ పాట ఎక్కించి కొత్త గేమ్ పంపింది. మళ్లీ మొదటి నుంచి! మధ్యలో లేవను. పొగడను. తిట్టను.

మూడో లెవెల్. డప్పు ఆగలేదు. ఆగుతుందని కాచుకుని కూర్చున్నాను. పీత చచ్చింది.
చెడు: పాట. అది లేనప్పుడే బాగుంది.

ఉన్నదున్నట్టు చెప్పాలి. తాంబూలాలు గురువారం. నిష్పక్షపాతం శుక్రవారం నుంచి.