పన్నెండు సబ్‌నెట్‌లు

అమ్మాయి వులాన్‌కు,

వొనొగిరి నుంచి నాన్న దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. అల్లుడూ పిల్లలూ కులాసాయే అనుకుంటాను. నా మోకాలి సంగతి అడిగావు. వంగనంటోంది, నాలాగే. మీ అమ్మ సోయా గింజల టెంపే వేయించి పెట్టి, నోరు మూసుకుని తినమంటోంది. తింటున్నాను గానీ నోరు మూయలేకపోతున్నాను.

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. విద్యార్థుల నమోదు రోజున, నా తర్వాత నువ్వు చూసుకుంటున్న క్యాంపస్ నెట్‌వర్కంతా పడిపోతే, తప్పు ల్యాబ్ చూసుకునే తుకిరాన్‌దా? బల్లలు తుడుస్తూ, వేలాడుతున్న కేబుల్ కొసను గోడ సాకెట్లో పెట్టాడు. రెండో కొస అప్పటికే పక్క సాకెట్లో ఉందని చూసుకోలేదు. అంతేగా? సోమవారం కమిటీలో అతని ఉద్యోగం తీసేయాలని డీన్ హర్జోనో పట్టుబడుతున్నాడా? కూలిన రాజ్యాల చరిత్రలు చాలా చదివాను. ప్రతిచోటా మొదటి శిక్ష కోట కాపలావాడికే.

హర్జోనో సభల్లో నెట్‌వర్కుల మీద ప్రసంగాలు చేస్తాడుగా, వాడికి నువ్వే చెప్పు. ఒక యంత్రం ఇంకొకదాన్ని వెతకాలంటే ‘ఈ చిరునామా ఎవరిది’ అని కేకేస్తుంది. ఆ కేక తన సబ్‌నెట్‌లోని, అంటే నెట్‌వర్కులో తానున్న ముక్కలోని, యంత్రాలన్నిటికీ వినబడుతుంది, దాని గోడ మాత్రం దాటదు. అందుకే భవనానికొకటి చొప్పున పన్నెండు సబ్‌నెట్‌లు కట్టాను. తుకిరాన్ పెట్టిన కేబుల్‌లో ఆ కేకలు గుండ్రంగా తిరిగి తిరిగి పెరిగిపోయాయి. గోడలుంటే అతని భవనం ఒక్కటే మూగబోయేది. పది నిమిషాల్లో సరిచేసేవాళ్లు. గోడలు లేవు గనక మూడు వేల యంత్రాలు గొంతు చించుకున్నాయి.

ఆ గోడలు తీసేసిందెవరు నాన్నా, రికార్డులో పేరు లేదు అని అడిగావు. పోయిన ఉత్తరంలో ఎవడో గాడిద అని రాశాను.

ఆ గాడిద నేనే.

పదకొండేళ్ల కిందట, లెబరాన్ పండగకు రెండు రోజుల ముందు. గ్రంథాలయం సబ్‌నెట్‌లో కొత్త యంత్రాలకిచ్చే చిరునామాలు అయిపోయాయి. కొత్త సబ్‌నెట్ కట్టాలంటే భవనం భవనం తిరగాలి. నాలుగింటికి సోలో ఊరికి వెళ్లే రైలు. నువ్వూ మీ అమ్మా అప్పటికే స్టేషన్లో ఉన్నారు. పన్నెండింటినీ కలిపి ఒకటి చేసేశాను. పండగయ్యాక విడదీద్దామనుకున్నాను. తన మోటారుసైకిల్ మీద నన్ను రైలుకు అందించింది తుకిరానే.

తిరిగొచ్చేసరికి ఏ గదిలోంచైనా ఏ ప్రింటరైనా కనబడుతోందని అందరికీ సంబరం. హర్జోనో నా భుజం తట్టి, “సుమార్తోగారూ, ఇంత మంచి పని ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదండీ?” అన్నాడు. ఆ మెప్పు తియ్యగా ఉండింది. గోడలు మళ్లీ కట్టలేదు. రికార్డులో ఒక్క ముక్క రాయలేదు.

కమిటీలో ఈ ఉత్తరం పైకి చదువు. హర్జోనో అన్న మాట కూడా చదువు. తండ్రి పరువని ఒక్క వాక్యం దాటేశావంటే నీకూ వాడికీ తేడా లేదు. ఆ తర్వాత గోడలు కట్టడం గ్రంథాలయం నుంచి మొదలుపెట్టు.

ఇట్లు,
మీ నాన్న.

కమిటీ రికార్డు కోసం: సుమార్తో, మాజీ నెట్‌వర్క్ అధికారి.