ఆవిడ ఖాళీగా వదిలేసిన పేరు

మంగళవారం, ఎడిసన్

నేను చేసింది తప్పేనని ఇప్పుడు తెలుస్తోంది. సోవియట్ పాలనలో ఉత్తర రష్యాలోని నెనెట్స్ తెగకి చెందిన ఒకావిడ రాసుకున్న జీవితకథని లైబ్రరీ కోసం ఆడియో చేస్తున్నాను కదా. మంచులో రెయిన్‌డీర్లని మేపుకుంటూ తిరిగే కుటుంబం వాళ్లది. చిన్నప్పుడే ఆవిడని తీసుకెళ్లి గవర్నమెంట్ హాస్టల్‌లో వేశారు. చనిపోయిన నాన్న పేరు రావాల్సిన మూడుచోట్లా ఆవిడ ఖాళీ వదిలేసింది. అధికారులకి భయపడిందేమో అనుకున్నాను. పాత స్కూల్ రిజిస్టర్‌లో పేరు వెతికి పట్టుకుని, పొద్దున రికార్డింగ్‌లో మూడుసార్లూ గట్టిగా చదివేశాను.

మధ్యాహ్నం వీడియో కాల్‌లో అది వింటూనే ఆవిడ మనవరాలు మొహం తిప్పేసుకుంది.

"మాలో పోయినవాళ్ల పేరు పైకి అనకూడదు. అంటే పిలిచినట్టే. హాస్టల్‌లో టీచర్ రోజూ నాన్నమ్మచేత ఆ పేరు చెప్పించేదట," అంది.

మా అమ్మమ్మ కూడా బతికినన్నాళ్లూ తాతయ్య పేరు నోటితో అనలేదు. అలాంటి ఇంట్లో పెరిగి కూడా నాకు తట్టలేదు...

సాయంత్రం ఆ మూడు ముక్కలూ కట్ చేద్దామని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. పొద్దున రికార్డింగ్ రూమ్‌లో ఉన్నది నేనొక్కదాన్నే. కానీ పేరు చదివిన ప్రతిసారీ ఎవరో "ఊఁ" అన్నారు. మొదటిది తలుపు దగ్గర వినిపించింది. మూడోది మైక్‌కి నాకంటే దగ్గరగా ఉంది.