సీత పాటలో సగం కూలి చరణం

బాన్ అక్యూయ్, 1967
శనివారం రాత్రి

మా సీత పాటకే మొదటి బహుమతి! నా చిన్న కూతురు, నా బంగారుతల్లి! ఊరి కళోత్సవంలో ఎన్ని పద్యాలు, ఎన్ని ఆటలు వచ్చినా, చెరకు తోటలో కలుపు తీసే ఆడవాళ్ళ మీద అది కట్టిన పాటకే జనం లేచి నిలబడ్డారు. పిల్లలు ఆ పాటకు కోలాటం వేస్తుంటే నేను ఏడుస్తూనే ఉన్నాను.

ఆ సంతోషం కాసేపైనా ఉండనిచ్చాడా ఉత్సవ కమిటీ పెద్ద! పరాయివాడా అంటే కాదు, మా అన్న కొడుకే.

"బాబాయ్, రేపు కాక పై ఆదివారం పాంప్లెమూస్ ఊరి ఉత్సవంలోనూ సీతే పాడాలి. ఆ సగం కూలి చరణం మాత్రం వద్దు. తోట దొరగారు వస్తున్నారు, నొచ్చుకుంటారు" అన్నాడు.

"మిస్యే దొరకి తెలుగు వచ్చా, అన్నా?" అంది సీత.

"రాదు. ఎవరో ఒకరు చెప్పేస్తారుగా!"

"ఆ ఒకరు నువ్వే కదా!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. వాడి మొహం కందిపోయింది. "ఆ చరణం ఎత్తుకుంటే మైకు ఆపేయిస్తా" అన్నాడు.

ఎంత పొగరు! వాడి తల్లీ నా భార్యా పక్కపక్కనే వంగి ఆ దొర తోటలోనే కలుపు తీశారు. మగవాడికి ఇచ్చే కూలిలో సగమే ఒక్కొక్కరికీ ఇచ్చారు. అది పాడితే తప్పా? ఇంకా ఒళ్ళు మండిపోతోంది.

సీత మొత్తం పాడుతుంది. మైకు ఆగితే మేమే గొంతు కలుపుతాం. రేపే కబురు పెట్టాలి, అందరూ ఆ చరణం నేర్చుకుని రావాలి:

ఫీనిక్స్ ఊళ్ళో అక్కకీ బావకీ.
పాంప్లెమూస్ తమ్ముడికీ, వాడి కోడళ్ళకీ.
చిన్న చెల్లెలికి తప్పకుండా, దాని గొంతుకు మైకే అక్కర్లేదు.
మా వదినకి, అంటే ఆ కమిటీ పెద్ద తల్లికి. ఆమెకైతే నేనే వెళ్ళి చెబుతాను.